బ్యాంకు సినిమా రెండో సగం

ద్రవ్యోల్బణం అనే మాట బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి సగం తరగతి నిద్రలో ఉండేది. తొంభైలు ముగియబోతున్న రోజులు. బెంగళూరు పేట ప్రాంతానికి దగ్గరలో ఒక ఆడపిల్లల కాలేజీలో నేను ఎకనామిక్స్ లెక్చరర్‌ని. కొత్తదాన్ని కాబట్టి భోజనం తర్వాతి పీరియడ్ నా నెత్తిన పడేసేవారు. అన్నం తిని వచ్చిన పిల్లలకు నా పాఠం జోలపాట. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. సుద్దముక్కలు విసిరాను, బెంచీలు ఎక్కించాను, ప్రిన్సిపాల్ దగ్గర చీవాట్లు కూడా తిన్నాను. పిల్లలు మాత్రం హాయిగా నిద్రపోతూనే ఉన్నారు.

అప్పుడు ఎవరో చెప్పారు, కంటోన్మెంటు వైపు ఒక లైబ్రరీలో పుస్తకాలతో పాటు వీడియో క్యాసెట్లు కూడా ఇస్తారని. వెళ్ళి చూస్తే ఒక బీరువా నిండా డాక్యుమెంటరీలు. జంతువుల మీద, యుద్ధాల మీద తీసినవాటిని జనం అరగదీసి పెట్టారు. అట్టడుగు అరలో మార్కెట్లు ఎలా కూలాయి, బ్యాంకులు ఎలా మునిగాయి అని తీసినవి వరసగా ఉన్నాయి, ముట్టుకున్నవాళ్ళు లేరు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజే సభ్యత్వం కట్టి, చేతికి అందినవి సంచిలో వేసుకుని వచ్చాను.

మొదట తరగతిలో చూపించింది ఒక దేశంలో నోట్లకు విలువ లేకుండా పోయిన కథ. జనం తోపుడుబండ్లలో నోట్లు వేసుకుని రొట్టె కొనడానికి పోతున్నారు. ఒకావిడ నోట్ల కట్టలతో పొయ్యి రాజేస్తోంది. ఒక్క పిల్ల కూడా కన్ను మూయలేదు. గంట కొట్టినా లేవలేదు. "మేడమ్, ఆమె తగలబెట్టేవి నిజం నోట్లేనా?" అని ఒక పిల్ల అడిగింది. దానికి జవాబు చెప్పడంలోనే నా పాఠం మొత్తం అయిపోయింది. ఆ రోజు బస్సు సంగతే మర్చిపోయి ఇంటిదాకా నడిచి వచ్చాను. అంత సంతోషం.

తరగతిలో వేసే ముందు ప్రతి క్యాసెట్టూ ఇంట్లో ఒకసారి చూసుకునేదాన్ని. మాది పేటలో పాత ఇల్లు. తాతల నాటినుంచి ఇక్కడే ఉన్నవాళ్ళం, ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. నాయనకు పట్టుచీరల అంగడి ఉండేది. అంగడి కంటే ఆయన ప్రాణమంతా మా వీధి చివర ఉన్న సహకార సొసైటీ మీద. మగ్గాలవాళ్ళు, చిన్న అంగళ్ళవాళ్ళు, జీతగాళ్ళు కూడబెట్టుకున్నది దాచుకునేదీ, అవసరానికి అప్పు తీసుకునేదీ అందులోనే. నాయన ఏళ్ళ తరబడి దానికి అధ్యక్షుడు. జీతం లేని పని. అయినా పొద్దున్నే అంగడి తెరిచే ముందు అక్కడికి వెళ్ళి, బోర్డు మీద దుమ్ము తుడిచి, గుమాస్తా వచ్చేదాకా నిలబడి, అప్పుడు తన పని చూసుకునేవాడు. అమ్మ దాన్ని ఆయన రెండో సంసారం అనేది.

ఒక ఆదివారం సాయంత్రం నేను టీవీ ముందు కూర్చుని ఉంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు అంగడి రసీదుల దాకానే వచ్చు.

"ఏం చెప్తాండాడమ్మా ఆయప్ప?" అని అడిగాడు.

చెప్పాను. టీవీలో ఆ తెల్లాయన గొంతు తగ్గించి, బొమ్మ నడుస్తుంటే నేను తెలుగులో చెప్తూ పోయాను. నాయన నోరు తెరుచుకుని చూశాడు. మరుసటి ఆదివారానికి మా అత్తను పిలిచాడు. ఆ పై ఆదివారం కాఫీపొడి అంగడాయన భార్యతో సహా వచ్చాడు. కొన్నాళ్ళకు మా హాలు చాలక నడవలో కూడా చాపలు వేయాల్సి వచ్చింది. నేను టీవీ పక్కన స్టూలు మీద కూర్చుని, తెలుగు కొంచెం, కన్నడం కొంచెం కలిపి చెప్పేదాన్ని. తరగతిలో ఎంత గొంతు చించుకున్నా రాని మర్యాద నాకు ఆ స్టూలు మీద దొరికింది.

వాళ్ళు చూసిన తీరే వేరు. పూల మొక్కల దుంపల కోసం ఒక దేశంలో జనం ఆస్తులు అమ్ముకున్న కథ వేస్తే, వీధి మొదట్లో పూలమ్మే పెద్దమ్మకు నవ్వు ఆగలేదు. "పూలు అమ్ముకోని బతికినోళ్ళను చూసినాను గానీ, పూలు కొనుక్కోని చెడినోళ్ళను ఇప్పుడే చూస్తాండాను" అంది. నోట్లతో పొయ్యి రాజేసే చోట అత్త, "ఆ కాగితం గట్టిగా ఉండాది, బాగా మండుతాది" అని తేల్చేసింది. తూర్పు దేశాల్లో కరెన్సీలు పడిపోయిన సినిమా వేసినప్పుడు పట్టునూలు ధర ఎందుకు ఎగిరెగిరి పడిందో నాయన అందరికీ విడమరిచి చెప్పాడు. నేను నోరు మూసుకుని విన్నాను. నా చదువులో ఎప్పుడూ అంత సుఖంగా ఒక పాఠం విన్న గుర్తు లేదు.

నాయనకు సినిమా పిచ్చి. ఆయన లెక్కలో ఇంటర్వెల్ లేనిది సినిమానే కాదు. అందుకని సగం కాగానే లేచి టీవీ ఆపేసి "ఇంటర్వెల్" అనేవాడు. అమ్మ కాఫీలు, కారాసేవ తెచ్చేది. కాఫీలతో పాటు వాదనలు మొదలయ్యేవి. అవి ఒక పట్టాన తెగేవి కావు, రెండో సగం ఎప్పటికీ మొదలయ్యేది కాదు. చివరికి ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. మొదటి సగం ఒక ఆదివారం, రెండో సగం మరుసటి ఆదివారం. మధ్యలో వారమంతా జనం తర్వాత ఏమవుతుందో ఊహించుకోవాలి. నాకొక ఆంక్ష కూడా పెట్టాడు. ఎవరు ఎంత బతిమాలినా రెండో సగం ముందే చెప్పకూడదు, ఆయన అడిగినా సరే.

"మొదటి సగంలో చిక్కుపడిందంతా రెండో సగంలో విడిపోతాదమ్మా. అందుకే కదా సినిమా తీసేది" అనేవాడు. అప్పటిదాకా చూసినవి చాలావరకు అలాగే ముగిశాయి కూడా. నోట్ల సినిమాలో చివరికి కొత్త నోట్లు వచ్చాయి, జనం నవ్వారు. ఆయన నమ్మకం అలా బలపడిపోయింది.

మా అత్త సంగతి చెప్పాలి. నాయనకు అక్క. భర్త పోయి చాలా ఏళ్ళు, పిల్లలు లేరు. మా ఇంటి వెనక వఠారంలో, ఒకే నీళ్ళ కొళాయి చుట్టూ వరసగా ఉండే అద్దె గదుల్లో ఒకదాంట్లో ఉండేది. మా ఇంట్లోనే ఉండమని నాయన చెవినిల్లు కట్టుకుని పోరినా వినలేదు. "ఒకరి ఇంట్లో ఉంటే కాఫీ కూడా అడిగి తాగాల" అనేది. పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టడం ఆమె పని. పేటలో అంగళ్ళ నుంచి చీరలు వచ్చేవి, ఒళ్ళో వేసుకుని రోజంతా ముడులు వేసేది. అలా కట్టి కట్టి కూడబెట్టిందంతా సొసైటీలో ఉంది. దానితో తన పేరు మీద ఒక ఇల్లు కొనాలని ఆమె ఆశ. నన్ను కోడలా అని పిలిచేది. కొడుకు లేకుండానే కోడలిని సంపాదించుకున్న మనిషివి నువ్వే అని నేను ఏడిపించేదాన్ని.

ఆ ఏడాది బొమ్మనహళ్ళి వైపు ఒక ఇల్లు కుదిరింది. రెండు చిన్న గదులు, వెనక బట్టలు ఆరేసుకునేంత జాగా. మరుసటి నెల రిజిస్ట్రేషను. అత్త ఆ ఇల్లు చూసొచ్చిన రోజు నుంచి నేల మీద నిలవలేదు. పొయ్యి ఏ మూల, దేవుడి పటం ఏ గోడకు అని నాకు రోజూ ఏకరువు పెట్టేది. వినీ వినీ ఆ ఇల్లు నాకు కంఠతా వచ్చేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాయన నా సంచిలోంచి ఒక క్యాసెట్టు తీశాడు. అట్ట మీద ఒక బ్యాంకు, దాని ముందు టోపీలు పెట్టుకున్న మనుషుల బారు.

"బ్యాంకు సినిమానా? మన సొసైటీ వాళ్ళకి బాగా పనికొస్తాది. ఈ ఆదివారం ఇదే" అన్నాడు.

నాకు ఆ సినిమా తెలుసు, తరగతిలో అప్పటికే వేశాను. అమెరికాలో మా తాతల కాలంలో ఒక చిన్న ఊళ్ళో జరిగిన కథ. ఎవరో ఒక పుకారు పుట్టిస్తారు. జనం అంతా ఒకేసారి డబ్బు తీసుకోవడానికి బ్యాంకు ముందు బారులు తీరతారు. బ్యాంకు మంచిదే. కానీ జనం దాచుకున్న డబ్బు ఏ బ్యాంకూ పెట్టెలో పెట్టుకుని కూర్చోదు, అప్పులిచ్చి ఉంటుంది. అందరూ ఒకేరోజు అడిగితే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదు. రెండో సగం తలుచుకుని, "నాయనా, ఇది వద్దేమో" అన్నాను. "కథ చెప్పొద్దు" అని వేలు చూపించి వెళ్ళిపోయాడు.

ఆదివారం మొదటి సగం వేశాం. మంచు పడుతోంది, బ్యాంకు ముందు బారు వీధి మలుపు తిరిగింది. ముందు నిలబడినవాళ్ళు నోట్లు కోటు జేబుల్లో కుక్కుకుని, ఎవరి మొహమూ చూడకుండా జారుకుంటున్నారు. వెనకవాళ్ళు తోసుకుంటున్నారు. అక్కడ నాయన లేచి "ఇంటర్వెల్" అన్నాడు. ఆ రోజు కాఫీలు తాగుతూ ఎవరూ వాదించుకోలేదు. కాఫీపొడి అంగడాయన గ్లాసు కింద పెట్టి, "అంటే మన సొసైటీలో దుడ్డు కూడా పెట్టెలో ఉండదా?" అని మాత్రం అడిగాడు. నాయన ఎంతో ఓపికగా, "ఉండదప్పా. నీ దుడ్డే ఆయనకి అప్పుగా ఇచ్చి ఉంటాము, ఆయన వడ్డీనే నీకొచ్చేది" అని అందరికీ వివరించాడు. నిజమే చెప్పాడు. కొంప మునిగింది కూడా ఆ నిజంతోనే.

ఆ వారంలోనే వేరే ఊళ్ళో ఏదో సహకార బ్యాంకు మూతపడిందని పేపర్లో ఒక మూల చిన్న వార్త వచ్చింది. మాకు ఆ ఊరితోనూ ఆ బ్యాంకుతోనూ ఏ సంబంధమూ లేదు. అయినా వీధిలో చెవులు కొరుక్కోవడం మొదలైంది. అత్త రోజూ నా దగ్గరికి వచ్చి, "రెండో సగం చెప్పవే కోడలా" అని పీకేది. నేను నీళ్ళు నమిలేదాన్ని. కుచ్చులు కట్టే చేయి ఆగిపోయి, ఆమె ఒక్కతే ఆలోచనలో పడిపోవడం రెండుమూడు సార్లు చూశాను.

శనివారం పొద్దున గుమాస్తా పరుగెత్తుకుంటూ వచ్చాడు. సొసైటీ ముందు జనం బారు తీరి ఉన్నారని, అందరి చేతుల్లో పాస్‌బుక్కులు ఉన్నాయని చెప్పాడు. నాయన తింటున్న ఇడ్లీ అలాగే వదిలేసి లేచాడు. ఆ రోజు నాకు కాలేజీ లేదు, వెనకే వెళ్ళాను.

మా ఆదివారం ప్రేక్షకులంతా అక్కడే ఉన్నారు. అదే పూలమ్మ, అదే కాఫీపొడి అంగడాయన. నాయనను చూడగానే తలలు వంచుకున్నారు గానీ ఒక్కరూ కదల్లేదు. బారులో అందరికంటే ముందు, తలుపుకు ఆనుకుని, మా అత్త.

నాయన మొహం పాలిపోయింది. "అక్కా, నువ్వేనా?" అన్నాడు.

"నేనే" అంది అత్త. "వచ్చే నెల ఇల్లు రాయించుకోవాల. నా దుడ్డు నాకియ్యి."

"యాడికీ పోదు అక్కా. వచ్చే నెల కదా కావాల్సింది?"

"నువ్వే కదప్పా సినిమా చూపిచ్చింది. ముందు నిలబడినోళ్ళకే వచ్చింది కదా. వెనకోళ్ళకి వచ్చిందో లేదో నీ కూతురు చెప్పదు."

నాకు ఒళ్ళు మండింది, నవ్వు కూడా వచ్చింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? బ్యాంకు మంచిదైనా, పక్కవాళ్ళు పరుగెత్తుతుంటే తానూ పరుగెత్తడమే తెలివైన పని. నేను తరగతిలో చెప్పే పాఠమే అది. తొందరపడొద్దని చెప్పడానికి నాయన చూపించిన సినిమా, అందరికంటే ముందు తొందరపడమని నేర్పింది.

సంగతి ఏమిటంటే, ఆ రోజు సొసైటీ పెట్టెలో ఉన్న నగదు బారులో మొదటి కొందరికే సరిపోతుంది. అప్పులకు పోను మిగిలింది పెద్ద బ్యాంకులో ఉంది, అంత మొత్తం తేవాలంటే సోమవారం దాకా ఆగాలి. మధ్యాహ్నానికి నగదు అయిపోయి షట్టరు దించితే, సోమవారం వీధి వీధంతా వచ్చి పడుతుంది. ఆ తర్వాత ఎన్ని నోట్లు తెచ్చినా చాలవు. సొసైటీ పోతుంది. నాయన అక్కడే మెట్టు మీద కూలబడతాడేమోనని నాకు భయం వేసింది. అంతలో ఆయన మొహం వెలిగింది.

"మీరు సగం సినిమా చూసి భయపడినారు. తప్పు నాదే, సగంలో ఆపినాను. రెండో సగం ఇప్పుడే, ఈడనే చూపిస్తాను. చూసినాక కూడా కావాలంటే తీసుకోండి. గలాటా లేకుండా సుమ్నే కొంచెం సేపు నిలబడండి" అన్నాడు.

నేను ఆపేలోపే ఇద్దరు మా ఇంటికి పరుగెత్తారు. టీవీ, క్యాసెట్టు పెట్టె వచ్చేశాయి. సొసైటీ కౌంటరు మీద, వీధిలోకి కనబడేలా పెట్టారు. గుమాస్తా వైరు గుచ్చాడు. నేను నాయన చొక్కా పట్టుకుని లోపలికి లాగి, "నాయనా, రెండో సగంలో బ్యాంకు మూతపడుతుంది" అని చెప్పాను.

బయట బారులో వాళ్ళు మెడలు చాపి టీవీ వైపే చూస్తున్నారు. ఆపితే ఇంకా అనుమానం. వేస్తే బ్యాంకు మూతపడటం కళ్ళారా చూస్తారు. నాయన గొంతు బాగా తగ్గించి అన్నాడు, "వాళ్ళకి ఇంగ్లీషు రాదు కదమ్మా. నువ్వు తెలుగులో వేరేగా చెప్పు."

జీవితంలో ఎప్పుడూ నన్ను ఒక్క అబద్ధం ఆడమని అడగని మనిషి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా కళ్ళలోకి చూడలేకపోయాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, జాలి వేసింది. బంగారం లాంటి మనిషిని సగం సినిమా ఎక్కడిదాకా తెచ్చిందో అనిపించింది. వెళ్ళి టీవీ పక్కన నిలబడ్డాను.

బొమ్మ మొదలైంది. ఆ ఊరి వీధి, మంచు, బారు. నేను చెప్తూ పోయాను, ఇదిగో జనం ఇంకా నిలబడి ఉన్నారు, అదిగో మేనేజరు బయటికి వచ్చాడు అని. ఏదో ఒకటి మాట్లాడుతున్నాను, అసలు సంగతి దగ్గరికి పోవడం లేదు. ఇంతలో టీవీలో బ్యాంకు తలుపులు మూసుకున్నాయి. తలకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ ఆ తలుపుకు నుదురు ఆనించి ఏడుస్తోంది.

"ఏమే కోడలా, ఆయమ్మ యాల ఏడుస్తాండాది?" అని అత్త అడిగింది.

నాయన గోడ వైపు తిరిగాడు. దుడ్డు చేతికొచ్చిన సంతోషంతో ఏడుస్తోంది అని చెప్పేస్తే సరిపోయేది. మాట నాలిక చివర దాకా వచ్చింది. అత్త నా మొహంలోకే చూస్తోంది. చిన్నప్పుడు నా జడ వేసేటప్పుడు అద్దంలోంచి ఎలా చూసేదో అలాగే.

"బ్యాంకు మూసేశారు అత్తా. ఆమెకు డబ్బు రాలేదు" అన్నాను.

టీవీలో ఇప్పుడు ఒక ముసలాయన కనిపించాడు, రంగుల బొమ్మలో. ఆ రోజు బారులో కుర్రవాడిగా నిలబడినవాడు, ఇప్పుడు పండుముసలి. నాకు ఆ ఘట్టం బాగా తెలుసు. ఆయన మాటలు ఉన్నవున్నట్టు తెలుగులో చెప్పాను. "నాకు డబ్బు వచ్చింది అంటున్నాడు. నేను ముందు ఉన్నాను, నా డబ్బు నాకు ఇచ్చారు. నా వెనక మా పక్కింటాయన ఉన్నాడు. ఆయన వంతు వచ్చేసరికి అయిపోయింది అంటున్నాడు." అంతే, ముసలాయన ఇంకేమీ చెప్పడు. కెమెరా అలా ఆయన మీదే నిలబడి ఉంటుంది. ఆయన పక్కకు చూస్తాడు, చేతులు చూసుకుంటాడు, మళ్ళీ పక్కకు చూస్తాడు. తరగతిలో పిల్లలు ఆ చోట విసుగుపడేవాళ్ళు, మేడమ్ క్యాసెట్టు ఆగిపోయిందా అని అడిగేవాళ్ళు. సొసైటీ ముందు ఎవరూ అడగలేదు.

అత్త వెనక్కి తిరిగింది. ఆమె వెనక కాఫీపొడి అంగడాయన. ఆయన వెనక పూలమ్మ. పూలమ్మ వెనక వఠారంలో ఆమెతో రోజూ కొళాయి దగ్గర బిందెల కోసం పోట్లాడే ఆవిడ. అత్త ఒక్కొక్క మొహమే చూసుకుంటూ చివరిదాకా చూసింది. పాస్‌బుక్కును బొడ్లో దోపుకుంది. తలుపు దగ్గరి నుంచి కదిలి, బారు పక్కనుంచే నడుచుకుంటూ వెళ్ళి, అందరి వెనక నిలబడింది.

గుమాస్తా కాఫీపొడి అంగడాయనను రమ్మన్నాడు. ఇప్పుడు మొదటివాడు ఆయనే. ఆయన పాస్‌బుక్కు ముందుకు చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు, ముక్కు తుడుచుకున్నాడు. "నాకేం అంత అవసరం లేదులే. ముందు ఈయమ్మకి చూడు" అని పూలమ్మను చూపించి, తనూ వెళ్ళి అత్త వెనక నిలబడ్డాడు.

"నాకెందుకప్పా, నాది ఉండేదే కొంచెం" అంది పూలమ్మ. ఆమె కూడా వెనక్కి.

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, కళ్ళు కూడా చెమ్మగిల్లుతాయి. ఎవరి వంతు వస్తే వాళ్ళు వెనక్కి పోవడమే. "మీరు కానీండి." "అయ్యో, మీరే ముందు." పెళ్ళి పందిట్లో మొదటి పంక్తిలో కూర్చోమంటే ఎంత మొహమాటపడతారో అంత మొహమాటం. బారు ఉన్నచోటే ఉంది, మనుషులు మాత్రం ముందు నుంచి వెనక్కి తిరుగుతూ ఉన్నారు. కౌంటరు దగ్గర ఒక్కరూ నిలబడటం లేదు. గుమాస్తా బిత్తరపోయి చూస్తున్నాడు. మగ్గం నేసే ఒకాయన, తన కూతురికి ఆస్పత్రి ఖర్చు ఉందని మెల్లగా చెప్పాడు. అందరూ కలిసి ఆయనను ముందుకు తోసి, డబ్బు ఇప్పించి, వెంటనే ఆస్పత్రికి పంపించారు. ఇంకెవరూ తీసుకోలేదు.

నాయన ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూశాడు. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. కాసేపటికి తెప్పరిల్లి అందరికీ కాఫీ చెప్పాడు. పూలమ్మ గ్లాసు అందుకుంటూ, "ఇది ఇంటర్వెల్లా, సినిమా అయిపోయిందా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఎండ ముదిరేసరికి బారు పలచబడింది, మధ్యాహ్నానికి ఎవరింటికి వాళ్ళు వెళ్ళారు. సోమవారం నాయన పెద్ద బ్యాంకు నుంచి నగదు తెచ్చి, డబ్బు తీసుకుపొమ్మని అత్తకు మొదట కబురు పెట్టాడు. రిజిస్ట్రేషను నాడు తీసుకుంటానని ఆమె తిప్పి పంపింది.

ఆ శనివారం ఇంటికొచ్చాక నాయన నాతో ఆ మాట ఎత్తలేదు. రాత్రి భోజనం దగ్గర మాత్రం, "మంచి పని చేసినావు" అన్నాడు. కొంచెం ఆగి, "నేను అడిగింది మర్చిపో తల్లీ" అన్నాడు. నేను ఆయన కంచంలో ఇంకాస్త పెరుగు వేశాను.

ఆదివారం సినిమాలు ఆగలేదు. ఆ తర్వాత క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, జనం వస్తూనే ఉన్నారు. సగంలో ఆపే పద్ధతి మాత్రం నాయన ఎత్తేశాడు. ఇంటర్వెల్‌కు కాఫీ ఇచ్చి, ఎంత గలాటా అయినా సరే, ముగింపు చూపించే పంపేవాడు. ముగింపు బాగుంటుందని ముందుగా హామీ ఇవ్వడం కూడా మానేశాడు.

మరుసటి నెల అత్త ఇల్లు ఆమె పేరు మీదకు వచ్చింది. గృహప్రవేశానికి పేట వీధంతా రెండు బస్సులు మారి బొమ్మనహళ్ళి వచ్చింది. ఆ రెండు గదుల్లో మనుషులు పట్టక సగం మంది వీధిలోనే నిలబడి తిన్నారు. అత్త కొత్త చీర కట్టుకుని, ఆ కొంగుకు తనే కుచ్చులు కట్టుకుని, అందరి మీదా అరుస్తూ తిరిగింది. మా నాయనను అయితే చెప్పులు సరిగా విడవలేదని కూడా తిట్టింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ చెప్పులు సర్దాడు.

వెనక జాగాలో ఆమె ఒక్కతే దొరికినప్పుడు అడిగాను. "అత్తా, ఆ రోజు నీకు భయం వెయ్యలేదా? ఈ ఇల్లు పోయేది కదా."

"భయం యాల వెయ్యదే? సోమవారం దాకా అన్నం లోపలికి పోలేదు" అంది.

"మరి ముందు ఉన్నదానివి, తీసుకుని పోవచ్చు కదా. నీ డబ్బే కదా."

అత్త నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూసింది. "ఇల్లు ఒకటి ఉంటే చాలునా? పక్కింటోళ్ళు పలకాల కదే."

అనేసి, పాయసం గిన్నె తీసుకుని, ఇంకా పేరు కూడా తెలియని పక్కింటావిడను పిలవడానికి పిట్టగోడ దగ్గరికి నడిచింది.